శివదారం ముడి

చన్నప్ప ఇంట్లో ఆ సాయంత్రం అన్ని నోళ్లూ తెరుచుకున్నాయి, తెరవాల్సిన ఒక్క నోరు తప్ప.

ఏడేళ్ల దాక్షాయణి పూజగది గడప పక్కన గోడకు ఆనుకుని కూర్చుంది. పొద్దున బడికి వేసుకుపోయిన తెల్ల గౌను ఇంకా ఒంటి మీదే ఉంది. ముందర పెట్టిన జొన్నరొట్టె ఎండి బిగుసుకుపోయింది. చెంబులో నీళ్లు పోసినవి పోసినట్టే ఉన్నాయి. పిల్ల ఆ చెంబు వంకే చూస్తోంది గానీ చెయ్యి చాపడం లేదు. పెదాలు తెల్లబడిపోయాయి.

"మాట్లాడే పిల్లను తీస్కపోయి మూగదాన్ని జేసి తెచ్చిన్రు," అన్నాడు చన్నప్ప. ఆయన దాక్షాయణికి తాత, నారాయణఖేడ్ మార్కెట్‌లో కందులు కమీషను మీద అమ్మిపెట్టే అడ్తి దుకాణానికి పెద్ద. గొంతు పెంచి మాట్లాడే అలవాటు అక్కడ పట్టుకుంది. ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతాడు గానీ ఆ గొంతు మాత్రం విప్పడు.

చన్నప్ప కొడుకు బసవ, తండ్రిని వదిలి పెళ్లాం స్మిత మీద పడ్డాడు. నెల రోజుల నుంచి పిల్లను ఎదురుగా కూర్చోబెట్టుకుని ఇది అడిగితే ఇట్ల చెప్పు, అది అడిగితే అట్ల చెప్పు అని నూరిపోస్తే పసిదాని బుర్ర ఏం కావాలని అడిగాడు. వాకిట్లో సంచులు దించుతున్న హమాలీలు వింటారన్న ఆలోచన కూడా లేకపోయింది.

స్మిత ఏమీ అనలేదు. మామూలుగా అయితే మొగుడికి మాటకు మాట అప్పజెప్పే మనిషి. ఆమె ఊరుకోవడం అక్కడ ఎవరికీ వింతగా తోచలేదు, అత్త శివగంగకు తప్ప.

సంగారెడ్డి దాటాక రోడ్డు పక్కన ఉన్న ఆ ఇంటర్నేషనల్ స్కూలుకు ఈ ఇంట్లో పెట్టుకున్న పేరు రెండు భాషల బడి. సగం చదువు తెలుగులో, సగం ఇంగ్లీషులో. ఒకటి ఎక్కువ, ఒకటి తక్కువ అని ఉండదు. సీటు కోసం పరీక్ష రాయించరు. పిల్లను ఒక పూట తమ దగ్గర ఉంచుకుని, ఆడించి, ఏదో తినిపించి, రెండు భాషల్లో పలకరించి చూస్తారు.

చూశారు. దాక్షాయణి రెండు భాషల్లోనూ నోరు విప్పలేదు. పెట్టిన బిస్కెట్టు ముట్టుకోలేదు. అజ్జి శివగంగతో కన్నడం, వాకిట్లో తెలుగు, దుకాణానికి వచ్చే బేరగాళ్లతో ఉర్దూ, ఇన్ని మాట్లాడే పిల్ల పూటంతా మట్టిబొమ్మలా కూర్చుని లేచి వచ్చింది.

సీటు వస్తే స్మిత పిల్లను తీసుకుని సంగారెడ్డిలో గది అద్దెకు తీసుకోవాలి. శనివారం వచ్చి సోమవారం పోవాలి. ఈ ఏర్పాటు చన్నప్పకు మొదటి నుంచీ మింగుడుపడలేదు. చన్నప్ప కోడలు వేరు కాపురం పెట్టిందట అని మార్కెట్ అంతా చెవులు కొరుక్కుంటుందని ఆయన భయం. ఆయనను ఒప్పించింది శివగంగే.

"నాలుగు భాషలు మాట్లాడ్త. ఒక్కదాంట్ల గూడ బస్సు బోర్డు సదవరాదు. నా మనుమరాలు నా లెక్క ఉండొద్దు," అని ఆమె పోయిన నెల అన్నప్పుడు చన్నప్ప దగ్గర జవాబు లేకపోయింది.

ఇప్పుడు జవాబు దొరికింది. ఖేడ్‌లో బళ్లు లేవా, ఈ ఊళ్లో చదివినవాళ్లు మనుషులు కాలేదా అని మొదలుపెట్టి, "ఇగ చాలు. రేపటి నుంచి ఆ బడి పేరు ఈ ఇంట్ల ఎత్తొద్దు," అని ముగించాడు.

బసవ కారు తాళం తీసుకున్నాడు. పిల్లను దవాఖానకు తీసుకుపోతానన్నాడు. శివగంగ అడ్డు వచ్చింది.

"జర ఆగు. ఒళ్లు సల్లగనే ఉన్నది. కండ్లు తేటగనే ఉన్నయి. దీనికి రోగం లేదు. ఏదో పట్టింపు ఉన్నది."

అప్పుడే స్మిత ఫోను మోగింది. పేరు చూసి ఆమె పెరట్లోకి పోయింది.

*

బడి నుంచి శ్రీవాణి టీచరు. పొద్దున దాక్షాయణి పక్కన కూర్చుని చూసింది ఆమే. కసురుకుని ఉంటే స్మితకు కొంచెం తేలికగా ఉండేది. ఆమె మెత్తగా మాట్లాడింది. పాప గురించి రెండు భాషల్లోనూ రాయడానికి ఏమీ దొరకలేదని, అలాగని వద్దని రాయడానికి చెయ్యి రాలేదని చెప్పింది. ఎంపికకు రేపే చివరి రోజు. పదింటికి మళ్లీ తీసుకురమ్మంది. రేపు కూడా పాప మాట్లాడకపోతే ఇక తన చేతుల్లో ఏమీ ఉండదంది.

స్మిత సరే సరే అంటూ తల ఊపుతోంది, ఆమెకు కనిపిస్తుందన్నట్టు.

ఫోను పెట్టేసేముందు శ్రీవాణి ఒక మాట అడిగింది. "పాప పొద్దంతా మెడ దగ్గర చెయ్యి పెట్టుకునే కూర్చుందండీ. మెడ ఏమైనా నొప్పి చేసిందా?"

"మీరే గద మేడం, మెడల ఏం ఉండొద్దని చెప్పింది?"

"బంగారు గొలుసులు వద్దన్నాం. ఆటల్లో పడిపోతే వెతకలేక చస్తాం. తాయత్తు, శిలువ, లింగకాయ, ఎవరివి వాళ్లకు ఉంటాయి కదండీ. గౌను లోపల ఉంటే మాకేం? అవి తీయమని ఎవరన్నారు?"

ఎవరూ అనలేదు. అదే సంగతి.

ఆ ఇంట్లో అందరి మెడలోనూ ఇష్టలింగం ఉంటుంది. వెండి లింగకాయలో పెట్టి, శివదారంతో మెడలో కట్టుకుంటారు. తింటున్నా నిద్రపోతున్నా అది ఒంటి మీద నుంచి దిగదు. దాక్షాయణికి పోయిన శ్రావణంలో మఠం నుంచి శంభులింగ స్వామి వచ్చి కట్టాడు. ఆ రోజు ఇంట్లో పెళ్లంత సందడి జరిగింది.

దాన్ని ఆ పొద్దున స్మిత తీసింది. సంగారెడ్డి ఇంకా రాకముందు పెట్రోలు బంకులో బసవ దిగి టైర్లకు గాలి కొట్టిస్తుంటే, వెనక సీట్లో కూర్చుని ముడి విప్పి, లింగకాయను రుమాలులో చుట్టి తన బ్యాగులో పెట్టుకుంది. అజ్జికి చెప్పకు, ఎవ్వరికీ చెప్పకు అని పిల్ల చెవిలో అంది.

ఎందుకు తీసిందంటే సిగ్గుపడి తీసింది. దరఖాస్తు ఇవ్వడానికి పోయినప్పుడు, ఇంకో పిల్ల తల్లి దాక్షాయణి గౌను మీద ఆ ఉబ్బు చూసి, ఏంటండీ అది, డబ్బీనా అని నవ్వింది. మంచిగానే నవ్వింది పాపం. కానీ స్మితకు అలాంటి నవ్వులతో పాత పరిచయం ఉంది.

ఆమెది కర్ణాటక సరిహద్దులోని నాగల్‌గిద్ద. ఐదో తరగతి దాకా కన్నడ బడిలో చదివింది. ఆరో తరగతికి ఖేడ్ తీసుకొచ్చి తెలుగు బడిలో వేశారు. మొదటి రోజు పాఠం చదవమంటే నిలబడి కన్నడ యాసలో చదివింది. తరగతి తరగతంతా నవ్వింది. ఆ ఏడాది మొత్తం ఆమె బడిలో నోరు తెరవలేదు. పదో తరగతితో చదువు మూలపడింది. తన కూతురిని చూసి నవ్వడానికి ఎవరికీ సందు దొరకకూడదన్నది ఆమె పంతం. సిగ్గు అనేది మనిషిచేత ఎవరూ చెప్పని పనులు చేయిస్తుంది.

తిరిగి వచ్చేటప్పుడు జోగిపేట దాటాక బసవ చెరుకురసం తేవడానికి దిగాడు. అతను వచ్చేలోపల స్మిత గబగబా మళ్లీ కట్టేసింది. గండం గడిచిందనుకుంది. దాక్షాయణి చెరుకురసం గ్లాసు ముట్టుకోలేదు. అప్పుడు కూడా స్మితకు తట్టలేదు. తనకు లాగే పిల్లకూ బడిలో నోరు పడిపోయిందని, తన రాతే దానికీ వచ్చిందని ఏడుపు దిగమింగుకుంటూ కూర్చుంది తప్ప, పిల్ల మెడ వంక చూడలేదు.

ఇప్పుడు పెరట్లో ఫోను పట్టుకుని నిలబడితే అంతా ఒక్కసారే అర్థమైంది.

*

లోపల శివగంగ మనుమరాలి గౌను మార్చి, తడిబట్టతో మొహం తుడుస్తోంది. మెడ వెనక తుడవబోతే వేలికి ముడి తగిలింది. ఆమె చెయ్యి అక్కడే ఆగింది.

స్వామి కట్టిన ముడి ఆమెకు తెలుసు. దారాన్ని తిప్పి తిప్పి, కొసలు లోపలికి దోపి, పైన విభూతి తడి అద్దిన ముడి అది. విభూతి గట్టిపడి తెల్లగా ఉండేది. ఇప్పుడు అక్కడ బూటు లేసుకు వేసే పువ్వు ముడి ఉంది.

అమ్మ తీసిందా అని అడగబోయి ఆగిపోయింది. పిల్లచేత తల్లి మీద సాక్ష్యం చెప్పించడం ఆమెకు నచ్చలేదు. తడిబట్ట పిండి, ఆరేసి, వంటింట్లోకి పోయి రొట్టెలపిండి కలపడం మొదలుపెట్టింది.

స్మిత వెనక తలుపు నుంచి వచ్చింది. శివగంగ తల ఎత్తలేదు.

"ముడి నీదే గద."

"నాదే అత్తమ్మా."

తర్వాత స్మిత ఏదీ దాచలేదు. పెట్రోలు బంకు, రుమాలు, ఆ తల్లి నవ్వు, ఇప్పుడు టీచరు చెప్పిన మాట, రేపు పదింటి సంగతి, అన్నీ చెప్పింది. శివగంగ రొట్టె తడుతూనే విన్నది. పెనం మీద ఒక వైపు మాడుతున్నా తిప్పలేదు.

ఆమె గౌరవ్వ సంగతి ఎత్తింది. గౌరవ్వ ఆమెకు నాయనమ్మ. మనూర్ పక్క చేనులో కంది కోస్తుంటే మెడలో శివదారం తెగి లింగకాయ మోళ్లలో పడిపోయింది. వెతికితే దొరికింది. అయినా స్వామి వచ్చి మళ్లీ కట్టేదాకా గౌరవ్వ గుక్కెడు నీళ్లు తాగలేదు, ఒక్క మాట మాట్లాడలేదు. చేను గట్టు మీద కూర్చుంది. మర్నాడు పొద్దు తిరిగాక స్వామి వచ్చాడు. ఆ కథ దాక్షాయణి రోజూ పడుకునే ముందు చెప్పించుకుంటుంది. గట్టు మీద గౌరవ్వ ఎట్లా కూర్చుందో చూపించమంటుంది. తాను కూడా అట్లాగే కూర్చుని చూపిస్తుంది.

స్మితకు పిల్ల పూజగది గడప పక్కన కూర్చున్న తీరు కళ్ల ముందు కదిలింది.

"పిల్ల నేను జెప్పిన కథ జేస్తుంది," అంది శివగంగ. "గందుకే ఆడ మాట్లాడలే, ఈడ నీళ్లు ముడ్తలేదు. దానికి తెల్సిన ధర్మం అది జేసింది. నీకేమైంది? మన లింగం నీకు సిగ్గయ్యిందా?"

"లింగం గాదు అత్తమ్మా. నవ్వుతరని భయమైంది."

"ఎవ్వరో నవ్వుతరని ముందుగాల నువ్వే నవ్వినవు."

స్మితకు ఆ మాట ఎక్కడ తగలాలో అక్కడే తగిలింది. అత్త తిట్టి ఉంటే ఎదురు చెప్పేది. ఈ ఇంట్లో తన పక్షాన నిలబడి మామతో మాట పడ్డ మనిషి ఈమె ఒక్కతే. ఆ మనిషి ముందే తలదించుకోవాల్సి వచ్చింది.

శివగంగ మాడిన రొట్టెను పక్కన పడేసింది. స్వామి వచ్చి మళ్లీ కట్టాలని, అప్పటిదాకా పిల్ల దారికి రాదని, స్వామిని పిలవాలంటే ఇంటి పెద్దకు సంగతి చెప్పాల్సిందేనని అంది. "నేను చెప్ప. అట్లని దాచ గూడ దాచ. నువ్వే చెప్పుకో."

చెబితే బడి మాట ఇక ఉండదు. అసలే సందు కోసం చూస్తున్న మనిషి. చెప్పకపోతే పిల్ల గొంతు తడవదు. స్మితకు ముందు నుయ్యి, వెనక గొయ్యి అయింది. దారం దానంతటదే తెగిందని చెబితే ఎట్లా ఉంటుందన్న ఆలోచన ఒక్క క్షణం వచ్చింది. అది ఆమె ముఖంలో కనపడిందేమో.

"దారం తెగిందంటే మీ మామ నమ్ముతడు," అంది శివగంగ. "గని నీ అబద్ధం పిల్ల ఇంటది."

*

కంచాలు పెట్టారు. చన్నప్ప పీట మీద కూర్చుని, ఎదురుగా గోడకు ఆనుకున్న మనుమరాలిని చూశాడు. ఆయన గొంతు ఆ రోజు మొదటిసారి తగ్గింది.

"దాక్షా, ఒక్క బుక్క తిను తల్లీ. అజ్జ తినిపిస్తడు. ఏమైంది జెప్పు. ఎవ్వరన్న ఏమన్న అన్నరా?"

పిల్ల తాతను చూసింది. తర్వాత తల్లిని చూసింది. కళ్లలో నీళ్లు తిరిగాయి గానీ పెదాలు కదలలేదు.

స్మిత చేతిలో ఉన్న రొట్టెల గిన్నె కింద పెట్టింది. "దాన్ని అడగకుండ్రి మామా. లింగం నేనే తీసిన."

బసవ చెయ్యి కంచంలోనే ఉండిపోయింది. నువ్వా అన్నాడు. ఎప్పుడు అన్నాడు. తాను పక్కనే ఉండగా జరిగింది తనకు తెలియలేదన్నది అతనికి ఎక్కువ గుచ్చుకుంది. స్మిత మొత్తం చెప్పింది. టీచరు తీయమనలేదన్న సంగతి కూడా వదల్లేదు. అది చెప్పకపోతే సగం నేరం బడి మీదికి పోయేది. ఆ సంగతి ఆమెకు తెలుసు.

చన్నప్ప అరవలేదు. అరిస్తే ఇంట్లో అందరికీ అలవాటే. ఆయన నెమ్మదిగా లేచి చెయ్యి కడుక్కుని, ఫోను తీసి శంభులింగ స్వామికి చేశాడు. జర మా ఇంటిదాకా రావాలె స్వామీ అన్నాడు. ఎందుకో చెప్పలేదు. పదిమందికి న్యాయం చెప్పే మనిషి, సొంత ఇంటి సంగతి చెప్పలేక ఫోను పెట్టేశాడు. ఆ మాట వింటుంటే స్మితకు భూమిలోకి కుంగిపోవాలనిపించింది.

మఠం మంగల్‌పేట దిక్కు. స్వామి తన పాత బండి మీద తొందరగానే వచ్చాడు. పిల్లను చూశాడు, ముడి చూశాడు. ఎవరు, ఎందుకు అని అడగలేదు. దాక్షాయణిని ఎదురుగా కూర్చోబెట్టుకుని, నుదుట విభూతి పెట్టి, లింగాన్ని అరచేతిలో ఉంచి పూజ చేయించి, కొత్త దారంతో మెడలో కట్టాడు. తీర్థంగా పాదోదకం పోశాడు. చివరికి పిల్ల తల మీద చెయ్యి పెట్టి, గట్టి పిల్ల అని చన్నప్పతో అన్నాడు.

దాక్షాయణి చెంబు రెండు చేతులా ఎత్తి గటగటా తాగింది. నీళ్లు గడ్డం మీదుగా కారి గౌను తడిసింది. ఎవరూ ఆపలేదు. బసవ అటు తిరిగి కళ్లు తుడుచుకున్నాడు.

స్వామి గడప దాటగానే పిల్ల వచ్చి తల్లి ఒడిలో కూలబడింది. పొద్దుటి నుంచి మూసి ఉన్న నోరు తెరిచి, చెవిలో చెబుతున్నాననుకుని అందరికీ వినబడేటట్టే అంది.

"అమ్మా, నువ్వు చెప్పినట్టే నేను ఎవ్వరికి చెప్పలే."

స్మిత పిల్లను గుండెకు హత్తుకుని ఏడ్చింది. అంతసేపూ ఆపుకున్న ఏడుపు అది. ఏడేళ్ల పిల్లచేత దాహంతో కాపలా కాయించింది తన తప్పుకు. ఇంతకంటే పెద్ద శిక్ష మామ వేయలేడనుకుంది. ఆ లెక్క తప్పింది.

*

పిల్ల తిని, శివగంగ పక్కలో పడుకుని కబుర్లు చెప్పడం మొదలుపెట్టాక చన్నప్ప కొడుకునూ కోడలినీ పిలిచాడు.

"పిల్ల రేపు బడికి పోతది," అన్నాడు.

బసవ తల ఎత్తాడు. స్మిత నమ్మలేకపోయింది.

శివగంగ అడిగినప్పుడు మాట ఇచ్చాను, సాయంత్రం పిల్లకే చేతకాలేదనుకుని వద్దన్నాను, ఒకరి తప్పుకు ఇంకొకరికి ఇచ్చిన మాట తప్పను అన్నాడు ఆయన. మార్కెట్‌లో చేతి మీద గుడ్డ కప్పి వేళ్లతో ధర ఒప్పుకుంటే, గుడ్డ తీశాక బేరం మారదు. చన్నప్ప బతుకంతా అదే పద్ధతి. స్మిత మామ కాళ్లు మొక్కుదామని వంగబోయింది.

"ఆగు. మాట అయిపోలే. రేపు తీస్కపోయేది నువ్వు గాదు, శివగంగ. సీటు వస్తే సంగారెడ్డిల పిల్లతోని ఉండేది గూడ శివగంగనే. నువ్వు ఈడ ఇల్లు చూస్కో. లింగం విలువ ఎరుకున్నోళ్ల చేతుల పెరగాలె పిల్ల."

స్మిత మొగుడి వంక చూసింది. బసవ నేల వంక చూశాడు. పక్కగదిలో కబుర్లు ఆగిపోయాయి. శివగంగ వింటోంది. బయటికి రాలేదు.

సీటు కోసం నెలల తరబడి కలలు కన్నది స్మిత. సంగారెడ్డిలో గది చూసింది తాను, కిటికీ పక్కన పిల్ల చదువుకునే చోటు ఎక్కడో అనుకున్నది తాను. పిల్లతోపాటు తాను కూడా మళ్లీ అక్షరాలు దిద్దుకోవచ్చని ఎవరికీ చెప్పని ఆశ ఒకటి పెట్టుకుంది. ఇప్పుడు సీటుకు దారి తెరుచుకుంది. ఆ దారిలో ఆమెకు మాత్రం చోటు లేదు.

ఒక మాట నాలుక చివరి దాకా వచ్చింది. బస్సు బోర్డు చదవరాని మనిషి అక్కడ పిల్లకు పాఠాలు ఎట్లా చెప్పిస్తుంది అని. అది నిజమే. కానీ అంటే అది నవ్వినట్టే అవుతుంది. ఆ మాటను మింగేసింది.

"మీ ఇష్టం మామా," అంది. కాదంటే సీటు పోతుంది.

*

పొద్దున్నే స్మిత కూతురికి తలంటి, రెండు జడలు వేసి, ఇస్త్రీ చేసిన గౌను తొడిగింది. టీచరు తెలుగులో అడిగితే తెలుగులో చెప్పు, ఇంగ్లీషులో అడిగితే వచ్చినంత చెప్పు, రాకపోతే రాదని చెప్పు అంది. ఇంకేమీ నూరిపోయలేదు.

"నువ్వు చీర కట్టుకోలే?" అంది దాక్షాయణి.

"అజ్జి వస్తది నీతోని."

"నువ్వు?"

"నాకు ఇంట్ల పని ఉన్నది."

పిల్ల తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత అరుగు మీంచి తాత గొంతు వస్తున్న వైపు తల తిప్పింది.

వాకిట్లో బసవ కారు తుడుస్తున్నాడు. శివగంగ ఇల్కల్ చీర కట్టుకుని, వెనక సీట్లో ఎక్కి కూర్చుంది. కారు తలుపు మూసుకోలేదు, కోడలి వంక చూడలేదు. చన్నప్ప అరుగు మీద నిలబడి, జల్దీ కానియ్యండి, పదింటికి ఆడ ఉండాలె అంటున్నాడు. స్మిత గడపకు ఇవతలే ఆగిపోయింది.

దాక్షాయణి అరుగు దిగి కారు దాకా నడిచింది. తలుపు దగ్గర ఆగింది. అజ్జి చెయ్యి చాపినా అందుకోలేదు. వెనక్కి తిరిగింది.

గౌను మెడలోంచి లింగకాయను బయటికి తీసి ఎడమ చేత్తో పట్టుకుంది. కుడి చెయ్యి మెడ వెనక్కి పోయి స్వామి కట్టిన ముడిని వెతికింది.

"అజ్జా," అంది. ప్రతి మాటా స్పష్టంగా వినబడింది. "అమ్మ కారు ఎక్కకపోతే ఈసారి నేనే తీసేస్త."

బసవ చేతిలో గుడ్డ ఆగింది. శివగంగ సీటు అంచుకు జరిగింది. వద్దు బిడ్డా అని స్మిత గడప దాటి ఒక అడుగు వేసి, మామను చూసి అక్కడే నిలబడింది.

చన్నప్ప ఒక మెట్టు దిగాడు. రెండో మెట్టు దిగబోయి ఆగాడు. పిల్ల ఆయన కళ్లలోకే చూస్తోంది. చూస్తూనే వేళ్లు కదుపుతోంది.

స్వామి లోపలికి దోపిన కొస ఒకటి అప్పటికే బయటికి వచ్చింది.